ఖుష్ మహల్ గోడ వాలుగానే ఉంది

మా ఇంటి అటక మీద మూడేళ్లుగా ఒక మూట ఉండేది. మా పెద్దమ్మాయి చిన్ననాటి నుంచి బొమ్మలు గీసుకున్న నోటు పుస్తకాలవి. ఒక శుభకార్యం నాడు దగ్గరి బంధువొకరు “ముస్లిం ఇంటి పిల్లకు ఈ బొమ్మలేమిటి?” అని నలుగురిలో అనేశారు. అమ్మాయి మారు మాట్లాడలేదు. మర్నాడే పుస్తకాలన్నీ పాత దుపట్టాలో మూటకట్టి అటక ఎక్కించింది. ఆ సమయంలో నేనూ అక్కడే ఉన్నాను. ఆ మాటను సమర్థించనూ లేదు, ఖండించనూ లేదు. ఆ మౌనం ఒక తండ్రిగా నన్ను చాలాకాలం వెంటాడింది.

ప్రాణుల బొమ్మల విషయంలో హదీసులలో తీవ్రమైన హెచ్చరికలు ఉన్న మాట వాస్తవం. విశ్వాసి వాటిని తేలికగా తీసుకోరాదు. అయితే ఇటీవల మా వీధి మసీదు ఇమామ్ సాహెబ్‌ను అడిగినప్పుడు, సహీహ్ బుఖారీలోని మరో ఉల్లేఖనాన్ని ఆయన నాకు గుర్తు చేశారు. చిత్రాలు గీయడమే జీవనోపాధిగా గల ఒక వ్యక్తి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) సన్నిధికి వచ్చాడు. ఆయన ముందుగా హెచ్చరిక వినిపించారు. ఆ మనిషి ముఖం పాలిపోవడం చూసి, గీయక తప్పదనుకుంటే చెట్లనూ, ప్రాణం లేని వస్తువులనూ గీసుకోమన్నారు. వద్దన్నదేదో చెప్పి ఊరుకోలేదు, ఉన్న దారిని కూడా చూపించారు. మేము మా అమ్మాయికి మొదటిది మాత్రమే చెప్పాము.

ఆ దారిలో ఎంత విశాలమైన లోకం ఉందో తర్వాత తెలిసింది. 16వ శతాబ్దంలో నసూహ్ మత్రాక్చీ అనే ఉస్మానీ పండితుడు సుల్తాన్ సులైమాన్ సైన్యంతో కలిసి 1534 నుంచి 1536 వరకు సాగిన ఇరాక్ దండయాత్రలో పాల్గొన్నాడు. దారిలోని మజిలీలనూ, ఇస్తాంబుల్, తబ్రీజ్, బాగ్దాద్, హలబ్ వంటి నగరాలనూ చిత్రించాడు. గుమ్మటాలు, వంతెనలు, నదులు, తోటలు అన్నీ ఉంటాయి. మనుషుల బొమ్మలు మాత్రం ఉండవు. ఇక మన కాలంలో, 2007లో, అమెరికాలోని సియాటిల్ నగరానికి చెందిన గాబ్రియేల్ కాంపనారియో అనే పత్రికా చిత్రకారుడు ఇంటర్నెట్‌లో మొదలుపెట్టిన చిన్న బృందం నేడు ‘అర్బన్ స్కెచర్స్’ పేరిట అనేక దేశాలకు విస్తరించింది. వారి పద్ధతి సులభం. ఫోటో చూసి గీయరాదు. ఆ చోటికి వెళ్లి, అక్కడే కూర్చుని, కంటితో చూసినదాన్ని చూసినట్టు గీయాలి.

గత డిసెంబరులో ఒక ఆదివారం ఉదయం, ఫజ్ర్ నమాజు ముగించుకుని, అమ్మాయితో కలిసి కరీంనగర్‌లో హన్మకొండ బస్సు ఎక్కాను. ఉన్నది 70 కిలోమీటర్ల దూరమే. ఆమె సంచిలో ఒక నోటు పుస్తకం, రెండు పెన్సిళ్లు, ఒక రబ్బరు, వాళ్ల అమ్మ కట్టిచ్చిన రొట్టెలు ఉన్నాయి. హన్మకొండలో దిగి ఆటోలో ఖిలా వరంగల్ చేరుకున్నాము.

కాకతీయ గణపతిదేవుడు, ఆయన కుమార్తె రుద్రమదేవి కట్టించిన కోట ఇది. మట్టికోట, కందకం, రాతికోట ఒకదానిలో ఒకటి వలయాలుగా ఉంటాయి. రాతిగోడకు 45 బురుజులు. ఈ కోట ఖాళీ శిథిలం కాదు. లోపల నేటికీ ఊరుంది, పొలాలున్నాయి, పిల్లలు సైకిళ్లు తొక్కుతుంటారు.

మొదట ఖుష్ మహల్ ఎదుట చెట్టు నీడన కూర్చున్నాము. ఎత్తయిన కమానులు గల దీర్ఘచతురస్రాకారపు కట్టడమది. అమ్మాయి గోడ గీసింది, చెరిపింది. మళ్లీ గీసింది, మళ్లీ చెరిపింది. “గోడ వంకర వస్తోంది అబ్బాజాన్” అంది. పెన్సిలును కంటికెదురుగా నిలువుగా పట్టుకుని చూడమన్నాను. ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది. “నేను కాదు, గోడే వాలుగా ఉంది!” అని నవ్వింది. నిజమే. ఆ గోడలు కింద వెడల్పుగా ఉండి, పైకి పోయేకొద్దీ లోపలికి వాలుతాయి. ఢిల్లీలోని గియాసుద్దీన్ తుగ్లక్ సమాధి గోడలూ ఇలాగే ఉంటాయి. గోడ అంటే నిలువుగా ఉండాలని మన బుద్ధికి ముందే తెలుసు. అందుకే కన్ను చూపిన సత్యాన్ని చెయ్యి రెండుసార్లు చెరిపేసింది.

ఈ మహలును షితాబ్ ఖాన్ పేరుతో చెప్పుకుంటారు. 16వ శతాబ్ది తొలినాళ్లలో వరంగల్లును ఏలిన ఆయన అసలు పేరు సీతాపతి. ఖాన్ అన్న బిరుదు ధరించిన హిందూ నాయకుడు. కట్టడం మాత్రం అంతకు ముందటి తుగ్లక్ కాలానిదేనని కొందరు చరిత్రకారులు వాదిస్తారు. పేర్లను బట్టి మనుషులను విడదీసే అలవాటు గలవారికి ఈ ఒక్క మహలే మంచి పాఠం.

కొద్ది నడక దూరంలో నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు. తెలంగాణ రాజముద్రలో చార్మినారుతో పాటు కనిపించేది ఈ తోరణమే. వాటి నడుమ స్వయంభూ శివాలయం ఉండేది. ఇప్పుడు నేల మీద చెక్కిన స్తంభాల ముక్కలు వరుసలుగా ఉన్నాయి. అమ్మాయి పెన్సిలు ఆపి, “దీన్ని ఎవరు పడగొట్టారు?” అని అడిగింది.

మాట మార్చడం తేలికే. కానీ మరోసారి మౌనంగా ఉండదలచుకోలేదు. “1323లో ఢిల్లీ సుల్తాను కుమారుడు ఉలుగ్ ఖాన్ ఈ కోటను జయించాడు. ఆ విజయం తర్వాతే ఆలయం కూలగొట్టారని చరిత్రకారులు చెబుతారు. యుద్ధాలలో గెలిచిన రాజులు ఓడిన రాజుల ఆలయాలను దెబ్బతీయడం ఆ కాలంలో జరిగేది. కారణం తెలిసినంత మాత్రాన అది న్యాయం అయిపోదు బేటీ” అన్నాను. సాక్ష్యం మనకూ, మన తల్లిదండ్రులకూ వ్యతిరేకమైనా సరే న్యాయంగానే పలకాలన్నది దివ్యఖుర్ఆన్ మనకిచ్చిన ఆదేశం. ఆమె ఏమీ అనలేదు. పడివున్న ముక్కలను ఒక్కటీ వదలకుండా గీసింది. తోరణం పైనున్న హంసల చోటు మాత్రం ఖాళీగా ఉంచింది. అది ఆమె తీసుకున్న నిర్ణయం.

జుహ్ర్ నమాజు తర్వాత కోటలోని ఊరి వీధిలో నడుస్తుండగా, అరుగు మీద కూర్చున్న ఒక అవ్వ పుస్తకం చూపించమంది. పేజీలు తిప్పి, “రాళ్లన్నీ గీసినవ్, మా ఇల్లు గియ్యవా బిడ్డా?” అంది. అమ్మాయి ఎదుటి గట్టు మీద కూర్చుని పెంకుటిల్లు, వేపచెట్టు, దండెం మీది చీర గీసింది. అవ్వ చూసి మురిసిపోయింది. “మరి నేనేడున్న?” అని అడిగింది. అమ్మాయి తడబడలేదు. సగం తెరిచిన తలుపునూ, గడప ముందు విడిచిన చెప్పులనూ వేలితో చూపి, “మీరు లోపల ఉన్నారవ్వా” అంది. అవ్వ పకపకా నవ్వి, మాకు జామపండ్లు ఇచ్చి పంపింది. ఆ పేజీ చింపి ఆమెకే ఇచ్చి వచ్చాము.

భూమిపై సంచరించి చూడమని అల్లాహ్ దివ్యఖుర్ఆన్‌లో పదేపదే చెబుతున్నాడు. నేడు మనం సంచరిస్తున్నాము గాని, చూడడం తగ్గింది. ఫోను ఎత్తి, ఫోటో తీసి, వెనుదిరుగుతున్నాము. ఒక గోడ ముందు అరగంట కూర్చున్నవారికే అది వాలుగా ఉందని తెలుస్తుంది. సెలవుల్లో పిల్లలను దగ్గరి పట్టణానికి తీసుకెళ్లండి. ఒక నోటు పుస్తకం, పెన్సిలు చాలు. నీడ చూసుకుని, దారికి అడ్డం కాకుండా కూర్చోండి. ఎవరి ఇల్లయినా గీసేముందు అనుమతి అడగండి. హద్దుల విషయంలో సందేహం ఉంటే తెలిసిన ఆలిమ్‌లను సంప్రదించండి. బొమ్మ బాగా రాలేదని మాత్రం పిల్లలను నిరుత్సాహపరచకండి.

ఇషా వేళకు ఇల్లు చేరాము. దాదీ కళ్లజోడు పెట్టుకుని పేజీలన్నీ చూసింది. ఖుష్ మహల్ దగ్గర ఆగి, “గోడ వంకరగా గీశావేమే?” అంది. “చూసింది గీశాను దాదీ” అని అమ్మాయి ఆ పెన్సిలును నిలువుగా పట్టి ఆమెకు చూపించసాగింది. నేను నిచ్చెన వేసుకుని అటక మీది మూట దించాను.