బీచ్ స్టేషన్‌లో దిగితే

చెన్నైకి చుట్టాలొస్తున్నారంటే నాకు చిరాకు. వాళ్ళ మీద కాదు, వాళ్ళు ముందే ఖాయం చేసుకొచ్చే కార్యక్రమం మీద. మెరీనా, టీ నగర్ చీరల కొట్లు, మళ్ళీ టీ నగర్. మొన్న మా తోడల్లుడు కుటుంబంతో దిగాడు. శుక్రవారం పొద్దున వెళ్ళినవాళ్ళు దీపాలు పెట్టే వేళకి సంచులు మోసుకుంటూ ఇల్లు చేరారు. పనగల్ పార్కు చుట్టూ ఎన్ని ప్రదక్షిణాలు చేశారో! ఆ పనగల్ రాజావారు తెలుగాయనేననీ, ఆ పేటకి పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టిగారూ తెలుగువారేననీ చెప్పబోయాను. "అలాగా అన్నయ్యా! ఆ పక్క కొట్లో రెండు చీరలకి జాకెట్టుముక్క ఉచితంట" అన్నాడు.

మర్నాడు పట్టుబట్టి లోకల్ రైలెక్కించాను. మాంబళంలో ఎక్కితే కోడంబాక్కం, నుంగంబాక్కం, చెట్‌పెట్, ఎగ్మూరు, పార్కు, ఫోర్టు, ఆ తర్వాత బీచ్. టికెట్టు ఖరీదు టీ ఖరీదు కన్నా తక్కువ. తాంబరం నుంచి ఇక్కడికి 1931లోనే కరెంటు రైళ్ళు నడిచాయి. తోడల్లుడి కూతురు దిగీ దిగగానే సముద్రమేదీ అని మునివేళ్ళ మీద లేచి చూసింది. రేవు కట్టాక సముద్రం తూర్పుకి జరిగిపోయిందమ్మా, ఇప్పుడు రోడ్డవతల ఉన్నది రేవు గోడ అని చెప్తే, నేనేదో దాచేసినట్టు చూసింది.

బయటికొస్తే రాజాజీ సాలై. జీపీఓ, స్టేట్ బ్యాంకు పాత భవనం, ఇంకా దక్షిణానికి 1892 నాటి హైకోర్టు, దాని శిఖరం మీద ఒకప్పుడు ఓడలకి దారి చూపిన దీపస్తంభం. అన్నీ ఎర్రగా, దర్జాగా ఉంటాయి. ఫొటోలు తీసుకునేవాళ్ళు తీసుకుంటారు. నా పిచ్చి వేరు. వెనకాల తంబుచెట్టి వీధి ఉంది చూశారూ, అక్కడికి లాక్కెళ్ళందే నాకు తోచదు.

కాళికాంబ గుడి ఉన్న వీధే. 1677లో శివాజీ వచ్చి దణ్ణం పెట్టుకున్నాడని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. రానీండి, సంతోషమే. నాకు కావలసింది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలెట్టిన ఆంధ్రపత్రికని 1914లో దినపత్రిక చేసి ఈ వీధిలోనే నడిపారు. 1924లో 'భారతి' మాసపత్రిక కూడా పెట్టారు. తలనొప్పికి అమృతాంజనం అమ్మి, ఆ డబ్బు పత్రికల్లో పోసిన మనిషి! తలనొప్పి తగ్గించి మళ్ళీ తెప్పించే వ్యాపారం ఇంకెవరికైనా తట్టిందా? పొట్టి శ్రీరాములుగారు పుట్టింది కూడా ఈ జార్జిటౌన్‌లోనే, అణ్ణాపిళ్ళై వీధిలో, 1901లో. తెలుగు అచ్చుపుస్తకం చాలాకాలం ఈ చుట్టుపక్కలే పుట్టి మన ఊళ్ళకి రైలెక్కింది. మన ఇళ్ళలో అటకెక్కిన పాత పుస్తకం ఏది తీసి దులిపినా లోపలి పేజీలో "చెన్నపురి" అని ఉంటుంది. ఆ అక్షరాలు పేర్చిన వీధుల్లో ఇప్పుడు షిప్పింగు ఏజెంట్లు, బ్యాంకులు, తోపుడుబళ్ళు. తెలుగువాళ్ళు రోజూ వేలమంది ఈ నగరానికి వస్తారు కదా, ఒక్కరైనా వచ్చి ఇక్కడ తలెత్తి చూడకూడదా? నేను వీధి మధ్యన నిలబడి ఇదంతా చెప్తుంటే హమాలీ దారి తప్పుకోమని "వళి, వళి" అని కేకేస్తూ బండి నా మడమకి తాకించాడు. తోడల్లుడికి నా ఉపన్యాసంలో నచ్చిన ఘట్టం అదొక్కటే.

సాయంత్రానికి అందరికీ ఆకలేసింది. బర్మా బజారు వైపు మళ్ళాం. 1960లలో బర్మా నుంచి కట్టుబట్టలతో తిరిగొచ్చినవాళ్ళ కోసం వెలిసిన బజారది. దాని దగ్గర అత్తో అనే బర్మా నూడుల్సు అమ్మే బళ్ళుంటాయి. బండివాడు నారింజరంగు నూడుల్సు గిన్నెలో వేసి, సన్నగా తరిగిన క్యాబేజీ, వేయించిన ఉల్లిపాయ, ఎండుమిర్చి పొడి, చింతపండు పులుసు, నూనె పోసి, కరకరలాడే బిళ్ళలు చిదిమి చల్లి, చేత్తోనే కలిపేస్తాడు. పక్కన అరటిదూట చారు. ఉడికిన గుడ్డు చీల్చి, అందులో వేయించిన ఉల్లి, వెల్లుల్లి కూరి ఇస్తాడు. అది మాత్రం ఒకేసారి నోట్లో వేసుకోవాలి, కొరికితే చొక్కా పాడు.

మా శ్రీకాకుళం వైపు వాళ్ళకి బర్మా పరాయి దేశం కాదు. రంగూన్‌ని రంగం అనేవాళ్ళు. ఇంటికొకడు రంగం ఓడెక్కినవాడు ఉండేవాడు. విశాఖలో బర్మా క్యాంపు ఇప్పటికీ ఉంది. మా తాత అన్నగారు రంగంలో బియ్యం మిల్లులో పనిచేసి, 1942లో జపాను బాంబులకి అడవుల్లో పడి నడిచొచ్చాడట. వస్తూ ఒక లక్క పెట్టె తెచ్చాడు. ఎర్రగా, గుండ్రంగా, లోపల అరలు అరలుగా, తమలపాకులకీ వక్కలకీ. ఆకలితో చస్తూ నడిచే మనిషి పెట్టె ఎందుకు మోశాడని ఎవరూ అడగలేదు. నాయనమ్మ పోయాక అది న్యాయంగా మా నాన్నకి రావాలి. మా పెద్దత్త పట్టుకుపోయింది. అందులో ఇప్పుడు గుండీలు, హుక్కులు, ఎప్పటివో మందుబిళ్ళలు వేసి కుట్టుమిషను కింద పెట్టింది. అడిగితే వినపడనట్టు కాఫీ పెట్టడానికి లేస్తుంది. ఆవిడ చెవులు శుభ్రంగా పనిచేస్తాయని ఊరందరికీ తెలుసు.