క్రొత్త ఇంజను, పాత బ్రేకులు

ధ్యానమునకు: యెహెజ్కేలు 36:26, గలతీయులకు 5:22, 23



అమెరికా దేశములో పాత కార్లను ముద్దుగా కాపాడుకొనువారు అనేకులు కలరు. వారు అమ్మకమునకు పెట్టు ప్రకటనలలో ఒక సంగతి తరచుగా కనబడును. కారు పాతది, ఇంజను మాత్రము ఎక్కువ బలము గలది అని వ్రాయుదురు. ఈ సంగతిలో మన ఆత్మీయ జీవితమునకు పనికివచ్చు పాఠమొకటి కలదు.

1955లో షెవ్రొలే కంపెనీవారు తమ బెల్ ఎయిర్ కారును క్రొత్త రూపముతో విడుదల చేసిరి. నాలుగు తలుపుల సెడాను సామాన్య కుటుంబముల బండి. ఆరు సిలిండర్ల ఇంజను కాక, ఆ యేడు ఎనిమిది సిలిండర్ల క్రొత్త ఇంజనును కూడ ఇచ్చిరి. దాని పరిమాణము 265 ఘనపు అంగుళములు, అనగా సుమారు 4.3 లీటర్లు, బలము 162 అశ్వశక్తులు. ఇప్పుడు కొందరు దానిని తీసివేసి, అదే వంశమునకు చెందిన 350 ఘనపు అంగుళముల ఇంజనును బిగించుదురు. ఇది 5.7 లీటర్లది, మొదట 1967 నమూనాలలో వచ్చెను. వెలుపలి కొలతలు ఇంచుమించు ఒక్కటే గనుక ఆ చోటులోనే కూర్చుండును.

అయితే మంచి మెకానిక్కు అంతటితో పని ముగించడు. ఆ పాత కారునకు నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. ఎక్కువ వేగములో మాటిమాటికి త్రొక్కినయెడల అవి వేడెక్కి పట్టు తప్పును. మరియు నాలుగు చక్రముల బ్రేకు నూనె అంతయు ఒక్క ఏర్పాటులోనిదే గనుక, ఒకచోట కారిపోయిన యెడల నాలుగును చెడును. ముందు చక్రములకును వెనుక చక్రములకును వేరువేరు ఏర్పాటు షెవ్రొలే కార్లలో 1967లో వచ్చెను. వేగము రెండింతలైనప్పుడు బ్రేకులు అణచవలసిన శక్తి రెండింతలు కాదు, నాలుగింతలగును. కాబట్టి తెలిసిన కొనుగోలుదారుడు, ఇది ఎంత వేగముగా పోవునని గాక, ఎట్లు ఆగునని ముందుగా అడుగును. బ్రేకులను, రేడియేటరును మార్చితిరా అని విచారించును.

ప్రియులారా, నూతన హృదయమిత్తునని దేవుడు యెహెజ్కేలు ద్వారా వాగ్దానము చేసెను. ఆ వాగ్దానము సత్యము. కాని ఆ హృదయము పొందిన తరువాత మన నోరు, మన చెయ్యి, మన కోపము ఎట్లున్నవి?

ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట ఒక సహోదరి అందరును వెళ్లువరకు గుడి అరుగు మీద నిలిచి, నాతో ఇట్లనెను: “అయ్యగారూ, మా ఆయన బాప్తిస్మం తీసుకుని ఏడాదైంది. సారా మానేశాడు, అది అబద్ధం కాదు. గుళ్లో అందరికంటే ముందు ప్రార్థన చేస్తాడు. కాని కూరలో ఉప్పు తగ్గితే కంచం గోడకేసి కొడతాడు. పిల్లలు వణికిపోతున్నారు. దేవుడిచ్చిన కొత్త హృదయం ఇదేనా?”

ఓర్చుకొనుమమ్మా అని చెప్పి ఆమెను పంపివేయుట న్యాయము కాదు. ఆ సాయంకాలమే ఇద్దరు సంఘపెద్దలతో ఆ యింటికి వెళ్లితిని. అతడు, “నాకు ఆసక్తి ఎక్కువ అయ్యగారూ, అందుకే కోపం కూడా ఎక్కువ” అనెను. నేను గలతీయుల పత్రిక తెరచి, ఆత్మ ఫలమును గూర్చిన మాటలలో కడపటిదానిని చదువుమంటిని. అతడు వ్రేలు పెట్టి చదివెను: ఆశానిగ్రహము. “నాయనా, నిన్ను ముందుకు నడిపించు ఆత్మయే నిన్ను ఆపును కూడ. ఆగనేరని బండిలో నీ భార్యయు పిల్లలును కూర్చుండి యున్నారు” అని చెప్పితిని.

అతడు చాలసేపు తల వంచుకొనెను. పిల్లల యెదుటనే భార్యను క్షమాపణ అడుగవలెననియు, కోపము వచ్చినప్పుడు కంచము ముట్టక వాకిటిలోనికి పోవలెననియు, ఇల్లు నెమ్మది పొందువరకు ఆరాధనలో ప్రార్థన నడిపింపరాదనియు పెద్దలు నిర్ణయించిరి. ఆ సహోదరికి ఎప్పుడు అవసరమైనను తన యింటికి రావచ్చునని ఒక పెద్ద భార్య చెప్పెను. ఇప్పుడు కంచములు గోడకు తగులుట లేదు. కేకలు ఒక్కొక్కప్పుడు వినబడుచునే యున్నవి. పని సాగుచున్నది.

మరియొక సంగతి గమనించుడి. లోకములో అమ్మువాడు ముందుగా కారును బాగుచేసి, తరువాత హెచ్చు ధర అడుగును. మన ప్రభువు అట్లు చేయలేదు. మనము తుప్పు పట్టి మూలనుండగానే తన రక్తమిచ్చి కొనెను; కొనిన తరువాతనే బాగుచేయ మొదలుపెట్టెను. రోమీయులకు 5:8 చదువుడి. కనుక మనలోని పాత బ్రేకులను ఆయనకు చూపుటకు భయమేల? ఆయన బేరము విడిచి పోవువాడు కాడు. అయితే ఆయన చెయ్యి వేయు చోటును మనము దాచకూడదు.

ఈ వారము ప్రతి కుటుంబ యజమానుడును తన యింటివారిని, “నా మాటవలన మీకు భయము కలుగుచున్నదా?” అని అడుగును గాక. వారి జవాబును కోపపడక వినును గాక.

ప్రార్థన: ప్రభువా, నీవిచ్చిన నూతన హృదయము కొరకు స్తోత్రము. మా నాలుకను, మా చేతులను కూడ నీ స్వాధీనము చేసికొనుము. మా యిండ్లలోని చిన్నవారు మమ్మును చూచి భయపడక సంతోషించునట్లు చేయుము. ఆమేన్.