తుమ్మెద గూడు

తేనెటీగ యనగానే పట్టును, రాణియీగయు, పనియీగల క్రమశిక్షణయు మనకు స్ఫురించును. కాని లోకమునందు గుర్తింపబడిన 20,000కు పైబడిన తేనెటీగ జాతులలో ఎక్కువపాలు పట్టు కట్టునవి కావు. ఒక్కొక్క ఆడుయీగ తానే గూడు చేసికొని, తానే బిడ్డలకు కూడు దాచిపెట్టును. నల్లని దేహముతో, బిగ్గరగా మ్రోయుచు తిరుగు మన తుమ్మెద ఈ తెగలోనిదే. కవులు దానిని తామరపూలలో చూచిరి. దాని కాపురము మాత్రము ఎండుకఱ్ఱలో.

మా నాయనమ్మ యింటి పంచలో ఒక వెదురు వాసమునకు చిటికెనవ్రేలు పట్టునంత గుండ్రని బెజ్జము ఉండెడిది. ఇల్లు గుల్లయగునని మా తండ్రిగారు దానికి తారు పూయింపబోగా, "లోపల పసికూన లున్నవిరా, అవి యెగిరిపోవువఱకు తాళుము" అని యామె వారించెను. కొంతకాలమునకు ఆ వాసమును మార్చునపుడు చీల్చి చూచితిమి. కఱ్ఱపొట్టుతో అడ్డుగోడలు పెట్టిన గదులు వరుసగా నుండెను. తల్లి యొక్కొక్క గదిలో పుప్పొడిని తేనెతో కలిపిన ముద్ద నుంచి, దానిపై గ్రుడ్డు పెట్టి, గది మూసివేయును. ఒక గదిలో తినక మిగిలిన ముద్ద పసుపువన్నె చెడక యుండెను.

ఆ పసుపు తంగేటిదై యుండునని నా తలంపు. మెదకు ప్రాంతమున బతుకమ్మనాటికి బంజరులెల్ల ఆ పూలతో నిండును. 2014లో తెలంగాణమునకు రాష్ట్రపుష్పమైనది తంగేడే. ఈ పూవులో తేనె లేదు. పుప్పొడియు తిత్తిలో మూసినట్లుండును. తిత్తికొనయందు మాత్రమే సన్నని రంధ్రము. తుమ్మెద కేసరములను కాళ్లతో బిగబట్టి, ఱెక్కల నాడింపకయే ఱెక్కల కండరములను కంపింపజేయును. అప్పుడు మ్రోత మాఱును. పుప్పొడి చిమ్మి దాని యొడలెల్ల పసుపగును. కొంత బిడ్డలకు, కొంత మఱియొక పూవునకు. పట్టుతేనెటీగకు ఈ విద్య రాదు. కావున తేనెటీగల పెట్టె లెన్ని తెచ్చి పెట్టినను తంగేటికి తుమ్మెద లేని లోటు తీఱదు. జిల్లేటికిని, మన కూరలోని మునగకును గూడ తుమ్మెద గొప్ప సహాయకారి.

ఇప్పుడు వెదురు వాసములకు మాఱుగా ఇనుపరేకులు వచ్చినవి, బంజరులు చదునగుచున్నవి. మా బడి ప్రహరి ప్రక్కను ఎండిన మునగమోడొకటి యున్నది. ఆవరణమును శుభ్రము చేయుటలో దానిని గూడ కొట్టింపదలచిరి. అందలి మూడు బెజ్జములను, క్రింద రాలిన క్రొత్త పొట్టును పెద్దలకు చూపితిని. చూచువారికి మోడు బాగుండదని యొకరనిరి, అదియు నిజమే. తుదకు సంక్రాంతి దాటువఱకు గొడ్డలి పెట్టరాదని నిర్ణయమైనది. ఎనిమిదవ తరగతి బాలురు దాని చుట్టును రాళ్లు పేర్చి తంగేటి గింజలు చల్లిరి. మొన్నటి వానకు నాలుగు మొలచినవి.