మెదకు దేవాలయములో మా నాయన



మీలో అనేకులు మెదకు దేవాలయమును చూచియుందురు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల సంఘములవారు బండి మాట్లాడుకొని, సద్దిమూటలు కట్టుకొని పోయివచ్చుట నేనెరుగుదును. వచ్చినవారు దాని ఎత్తును గూర్చియు, రంగుటద్దములను గూర్చియు చెప్పుదురు. నేను మా నాయనతో పోయి చూచినదానిని మీతో చెప్పవలెనని చాలకాలముగా అనుకొనుచున్నాను. చెప్పుటకు కొంత సిగ్గుగా నుండి ఇంతవరకు ఆగితిని.

మాది నాగర్‌కర్నూలునుండి వనపర్తికి పోవు దారికి లోపలగా ఉన్న పల్లె. 1996లో మా మట్టిగోడల గుడిని తీసివేసి రాతిగుడి కట్టుకొంటిమి. అయిదు వందల రూపాయలు, ఆపైన కానుక ఇచ్చినవారి పేర్లను నల్లరాతి పలకమీద చెక్కించవలెనని పెద్దలు తీర్మానించిరి. అప్పుడు సంఘ కార్యదర్శిని నేను. ఆ జాబితా వ్రాసినది ఈ చేయియే.

మా నాయన పాలమూరు కూలి. 1955 మొదలు 1967 వరకు నాగార్జునసాగరు ఆనకట్ట కట్టినప్పుడు పడుచు వయస్సులో అక్కడ రాళ్ళు మోసినవాడు. గుడికి ఆయన రూపాయి ఇయ్యలేదు, ఇచ్చుటకు లేదు. ఆయనయు, మరి పదునేడుగురు ఆడవారును మగవారును వెన్నెల రాత్రులలో కూలి అడుగకుండ గుట్టమీదినుండి బండలు దించిరి. ప్రతిష్ఠ దినమున, చదువురాని మా నాయన ఆ పలకమీద వ్రేలు పెట్టి, "ఇందుల నా పేరు యాడున్నది బిడ్డా?" అని అడిగెను. "ఇవి పైసలిచ్చినోళ్ళ పేర్లు నాయినా" అంటిని. ఆయన మారు మాటాడలేదు. ఆ ఆదివారము మొదలుకొని ముందు వరుసలోని తన చోటు విడిచి, గుమ్మము ప్రక్కన, చెప్పులు విడుచు తావున కూర్చుండసాగెను.

రెండేండ్లకు, కోతలైన తరువాత, మా సంఘము మెదకుకు పోయెను. ఆయనయు వచ్చెను.

ఆ దేవాలయము మన దేశపు రీతిలో కట్టినది కాదు. ఏడెనిమిది వందల ఏండ్ల క్రిందట ఇంగ్లండు దేశములో క్రైస్తవ సన్యాసులు తమ మఠములలో కట్టించుకొనిన దేవాలయముల రీతి అది. లండనులోని వెస్ట్‌మినిస్టరు మఠ దేవాలయమును మూడవ హెన్రీ రాజు 1245లో మరల కట్టనారంభించినది ఆ పద్ధతిలోనే. పైనుండి చూచినయెడల కట్టడమంతయు సిలువ ఆకారము. కమానులు గుండ్రముగా నుండవు, మొనదేలి యుండును. గుండ్రని కమాను బరువును ప్రక్కలకు ఎక్కువగా నెట్టును. మొనదేలినది అందులో చాలభాగమును క్రిందికి, స్తంభములలోనికి దించును. మిగిలిన త్రోపుడును బయటి ఊతగోడలు ఆపును. అందువలన గోడ అంత మందముగా నుండనక్కరలేదు. దానిలో పెద్ద పెద్ద కిటికీలు పెట్టవచ్చును. ఇది నేను తరువాత పుస్తకములో చదివి తెలిసికొన్నది. మా నాయన చదువకుండగనే గ్రహించెను.

లోపలికి పోగానే అందరమును తలలెత్తి పైకి చూచితిమి. ఆయన మాత్రము తిన్నగా ఒక స్తంభమునొద్దకు పోయి రాతిమీద అరచేయి ఆనించి, రెండు రాళ్ళు కలిసిన సందును బొటనవ్రేలితో తడవి చూచెను. "ఆకలిమీదున్నోడు ఇంత నున్నగ చెక్కలేడు బిడ్డా. కడుపుకింత పడ్డంకనే చెక్కిండు" అనెను.

అప్పుడు నేను తెలిసినది చెప్పితిని. వెస్లియన్ మిషనరీయైన చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు ఈ పని 1914లో ఆరంభించిరనియు, అవి కరవును తెగుళ్ళును ఉన్న దినములు గనుక ఊరక దానము చేయక, పని చూపి కూలికి మారుగా తిండి పెట్టిరనియు, పదేండ్లు పనిచేసి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిరనియు చెప్పితిని. నూరడుగుల వెడల్పు, రెండువందల అడుగుల పొడవు, గోపురము 175 అడుగులు, అయిదువేలమంది కూర్చుండవచ్చును అని లెక్కలుకూడ అప్పగించితిని. లెక్కలు ఆయన వినలేదు. రెండు చేతులు జోడించి కన్నులు పైకెత్తెను. ప్రార్థించుచున్నాడనుకొని నేను తల వంచితిని. "ఇటు చూడు," అని జోడించిన వ్రేళ్ళ కొనలు నాకు చూపించి, "గిట్ల ఒకటి మీద ఒకటి ఒరిగి నిలవడ్డయి. ఒకటి తీస్తె రెండోది పడతది" అనెను. ఆయన చూపించుచున్నది కమాను.

నేలమీద పరచిన పలకలు బ్రిటను నుండి ఓడలో వచ్చినవట. వాటిని పరచినవారు ఇటలీ పనివారట. మా వారు ఆ పలకలమీద కాలు మోపుటకే జంకిరి.

కిటికీలు మూడు. బలిపీఠము వెనుకనున్న ఆరోహణపు కిటికీ 1927లోను, పడమటి ప్రక్కనున్న క్రీస్తు జననపు కిటికీ 1947లోను, తూర్పు ప్రక్కనున్న సిలువ కిటికీ 1958లోను అమర్చిరి. మూటికిని బొమ్మలు గీసినవాడు ఫ్రాంక్ సాలిస్‌బరీ అను ఆంగ్ల చిత్రకారుడు. మీరు పోయినప్పుడు పొద్దుండగనే లోపలికి పొండి. బయటి వెలుగు అద్దములోగుండ వచ్చిననే బొమ్మ కనబడును, చీకటి పడినచో నల్లని గాజే. పూర్వకాలమున ఆ మఠ దేవాలయములకు వచ్చు పల్లెవారికిని అక్షరములు రావు. వారికి ఇట్టి అద్దములే చదువు. మా నాయనయు మూడు కిటికీలను నాకంటె ముందే చదివి ముగించెను.

బయటికి వచ్చునప్పుడు ఆయన, "ఇది కట్టినోళ్ళ పేర్లు యాడ రాసిర్రు?" అని అడిగెను. నేను గోడల వెంబడి తిరిగి చదివితిని. కరవుకు వచ్చి రాయి మోసినవారి పేర్లు నా కంటికి కనబడలేదు. ఆ మాటే చెప్పితిని.

ఆయన కొంతసేపు ఊరకుండి, "అయితే నువ్వొక్కనివే గాదు" అనెను.

కోపముతో అనలేదు. కోపముతో అన్నచో నాకు కొంత తేలికగా నుండెడిది.

ఆ రాత్రి ఇల్లు చేరి నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయము తీసితిని. యెరూషలేము గోడ కట్టినవారి పేర్లు వరుసగా అందులో వ్రాయబడియున్నవి. షల్లూము కుమార్తెలుకూడ అందున్నారు, పేర్లు లేకుండ. పనికి మెడ వంచని తెకోవీయుల పెద్దలనుగూడ అందులో వ్రాసిపెట్టిరి. ఎవరెంత పైకమిచ్చిరో ఆ అధ్యాయములో లేదు. ఆ ఇంగ్లండు మఠముల రాతిపనివారుకూడ తాము చెక్కిన రాళ్ళమీద రెండు మూడు గీతలతో తమ గురుతు పెట్టుకొనెడివారని తరువాత చదివితిని. అది కూలి లెక్క కొరకని చెప్పుదురు. అయినను గురుతు గురుతే.

మరుసటి కూటములో పెద్దలను అడిగితిని. పలకమీద చోటు లేదనిరి, అది నిజమే. నేను సంఘ పుస్తకము వెనుకటి పుటలో రాళ్ళు మోసినవారి పేర్లు వ్రాసితిని. మా నాయనకు చూపించితిని. ఆయన తన పేరు ఎక్కడనో అడిగి, దానిమీద వ్రేలు పెట్టి, తక్కినవి చదువుమనెను. చదివితిని. పదునెనిమిదవ చోట "చిన్నోని తల్లి" అని యుండెను.

"ఆమె పేరేంది?" అనెను.

ఊరంతయు ఆమెను ఆ పేరుతోనే పిలుచుచుండెను. అప్పటికి ఆమె ప్రభువునందు నిద్రించి ఏడాదియైనది. కొడుకు బతుకుదెరువుకు ఎటో పోయినాడు. "నీకు తెలియదా నాయినా? ఒక మోకు కింద ఇద్దరును మోసితిరి గదా?" అని నేనడిగితిని.

ఆయన చాలసేపు జ్ఞాపకము చేసికొనుటకు ప్రయత్నించెను.