కొండ దిగేటప్పుడు

కొత్తగా స్టీరింగు పట్టినవారికి తిరుమల కొండ ఎక్కడం కంటే దిగడమే అసలు పరీక్ష. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగేవారికి. 1974లో వచ్చిన రెండవది ఎక్కేవారికి. అందుచేత ఎదురుబండి భయం లేదు. ఉన్న భయమల్లా మన తొందరే.

మొన్న వేసవిలో మా మేనల్లుడు కారు దింపుతున్నాడు. లైసెన్సు వచ్చి ఇంకా నెల కాలేదు.

"మామయ్యా, న్యూట్రల్ చేసి వదిలేస్తే పెట్రోలు మిగులుతుంది గదా?" అన్నాడు.

"పెట్రోలు సరే, మనం మిగలవద్దట్రా?" అన్నాను.

న్యూట్రల్ చేస్తే బండి భారమంతా బ్రేకులమీదే పడుతుంది. అదేపనిగా తొక్కితే అవి వేడెక్కి పట్టు సడలిపోతాయి. రెండో గేరులో ఉంచామా, ఇంజనే బండిని దూకనివ్వకుండా పట్టుకుంటుంది. మరొక్క మాట: వేగం తగ్గించుకోవలసింది మలుపు రాకముందే గాని, మలుపులో పడ్డాక కాదు.

దిగడానికి 40 నిమిషాలైనా పట్టాలని దేవస్థానంవారి నియమం. అయినా కొందరు మహానుభావులు పైన రివ్వున దూసుకువచ్చి, అడుగున చెట్టునీడన బండి ఆపుకుని గడియారం చూస్తూ కూర్చుంటారు! మిగిల్చిన నిమిషాలన్నీ ఆ చెట్టుకిందే ఖర్చయ్యేటప్పుడు, మలుపు మలుపునా ప్రాణాలు పణం పెట్టడమెందుకో!