ఒడ్డున నాటిన గాలము

గాలము రెండు విధములు. ఒకటి చేత పట్టుకొని కూర్చుండునది. రెండవది ఒడ్డున నాటి, చేయి వదలి, కంటితో మాత్రమే కాచునది. మొదటిదానిలో లోపమున్నను వేళ్లు దిద్దుకొనును. రెండవదానిలో చేప తాకిన క్షణమున మనిషి చేయి లేదు. కర్ర, దారము, రీలు, ఈ మూడే ఉన్నవి. కనుక నాటిన గాలమునకు సరంజామా ఎన్నుకొనుటలోనే పనితనమంతయు ఇమిడియున్నదని నా అభిప్రాయము.

మన హొసూరు, కృష్ణగిరి ప్రాంతముల వారికి ఈ విద్య క్రొత్త కాదు. నందికొండలలో పుట్టి మన సీమకు దిగివచ్చు దక్షిణ పినాకినిని తమిళ సోదరులు తెన్పెణ్ణై అందురు. ఆ నీరు హొసూరు దగ్గర కెలవరపల్లి జలాశయమున నిలిచి, దిగువన కృష్ణగిరి ఆనకట్టను చేరును. 1950ల చివర ఆ ఆనకట్ట వెలసిన పిమ్మట, చెరువుగట్ల మీది గాలములు పెద్దనీటికి అలవాటుపడినవి. మా తండ్రిగారు వెదురును నరికి తెచ్చి, నీడలో ఆరబెట్టి, మొదలు లావుగను కొస సన్నముగను ఉన్నదానినే ఏరుకొనెడివారు. కొసను వంచి వదలి, అది ఎంత మెల్లగా నిలువబడునో చూచెడివారు. టపీమని నిలిచిన కర్ర చిక్కుడుపందిరికి పోయెడిది.

ఆ పరీక్ష ఇప్పుడు జ్ఞాపకము వచ్చుటకు కారణము, అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమున కాపురమున్న మా తమ్ముని కుమారుడు గత శీతకాలమున పంపిన జాబు. అక్కడ సరస్సులు గడ్డకట్టును. నీరు 4 డిగ్రీల వద్ద అన్నిటికంటె బరువుగా నుండును. ఆ నీరు అడుగున నిలువగా పైనున్నది మాత్రమే గడ్డయగును. చేపలు క్రింద తిరుగుచుండును. తేటయైన మంచుగడ్డ కనీసము 4 అంగుళముల మందము లేనిదే దానిపై నడువరాదని అక్కడి ప్రభుత్వము వారి సలహా. బరమాతో గుంట తొలిచి, ఒక గాలమును చేత ఆడించుచు, రెండవదానిని ప్రక్క గుంటపై నిలిపి వదలుదురు. చలికాలమున మంచుపై మనిషికి రెండు గాలములను అక్కడి చట్టము ఒప్పును. ఆ రెండవదానికి ఏ కర్ర, ఏ రీలు కొనవలెనని వాని ప్రశ్న. అంగడిలో బిఱుసైన, ఖరీదైన గ్రాఫైటు కర్రను చూపించినారట.

నేను మంచుపై కాలు మోపినవాడను కాను. అయినను ఆ సంగతులు కొంత చదివి చూడగా, మా వెదురు చెప్పినదే అక్కడను చెల్లునని తోచినది. చేత ఆడించు కర్ర బిఱుసుగా నుండుట మేలే. చేప మూతి పెట్టినంతనే చేతికి తెలియును. నాటిన కర్రకు ఆ గుణమే శత్రువు. చలినీటిలో చేప మందముగా మెదలును. ఎరను నోట పెట్టి, ఏమాత్రము బిగువు తగిలినను వెలిగ్రక్కును. కనుక కొస వెదురు చిగురువలె మెత్తనై చేపతోబాటు వంగవలెను. మొదలు మాత్రము బలముగా నుండి, ఆ వంపు చివర ముల్లు తనంత తానే మూతిలో నాటుకొనునట్లు చేయవలెను. ఇందులకు గాజునార కర్రయే తగినది, ధరయు తక్కువ. గుంట ప్రక్కనే కూర్చుండుదురు గనుక రెండున్నర మూడడుగుల పొడవు చాలును. దారము దూరు కడియములు పెద్దవిగా నుండవలెను. చిన్నవైనచో నీటిబొట్టు గడ్డకట్టి దారమును పట్టివేయును.

రీలు విషయమున నేను మరింత పట్టుదలగా చెప్పితిని. మా ఇంట దానిని కండె అనెడివారము. అది నేతవారి మాట. నాటిన గాలమునకు కండె పట్టుటకంటె వదలుట ముఖ్యము. పెద్దచేప ఎర నెత్తుకొని పరుగెత్తినచో బిగించిన కర్ర గుంటలోనికి పోవును. మీట త్రిప్పినచో దారము తేలికగా జారి, పిడి త్రిప్పగానే మరల బిగియు రీలునే కొనుమంటిని. అల్లిక దారము నీరు పీల్చి గడ్డకట్టును. ఒంటిపోగు నైలాను మేలు. కర్రయే లేక, చేప లాగగానే చిన్న జెండా లేచు సాధనమును అక్కడ కలదు. దానికి 200 అడుగులలోపల మనిషి ఉండవలెనని నిబంధన. మన గట్టుపై ఆ జెండా పనిని కొసకు కట్టిన చిరుగంట చేయును.

ఆ జాబులో నన్ను కదలించినది కర్ర కాదు. వాని కుమార్తెకు తొమ్మిదేండ్లు, తెలుగు అంతంతమాత్రము. గుంట ప్రక్క కూర్చుండి, నేను వ్రాసిన ఎర, బెండు, కొస, మొదలు, కండె అను మాటలనే ఆమెచేత పలికించుచున్నాడట. 2006 నాటి తమిళాభ్యసన చట్టము పిమ్మట మన పిల్లల తెలుగు చదువు ఎన్ని చిక్కులు పడినదో ఈ సంచిక చదువు కుటుంబములకు వేరుగా చెప్పనక్కరలేదు. బడి ఇవ్వలేని మాటలను పూర్వము నీటి ఒడ్డు ఇచ్చెడిది. ఇప్పుడు కెలవరపల్లి మదుగుల వద్ద తెల్లని నురుగు గుట్టలుగా లేచుట మనము ఎన్నిమారులు చూచితిమి! ఎగువ నగరపు మురుగు, కర్మాగారముల మలినము అందు కలియుచున్నవి. అందు పట్టిన చేపను పిల్లలకు వండిపెట్టుటకు నాకు మనసొప్పదు. మనుమని వెంటబెట్టుకొని గాలముతో పోవుటయు మానితిని. సంతలో చేపలు కొనునప్పుడు వానిచేత బొచ్చె, రాగండి, కొరమీను అని పేర్లు చెప్పించుచున్నాను. తిలాపియాను మాత్రము వాడు జిలేబి అనియే పిలుచును. అమ్మువారు నేర్పినది ఆ పేరే.

మిన్నెసోటావాడు చివరకు మెత్తని గాజునార కర్రను, జారు రీలును కొన్నాడు. మొదటి వారమే రెండు వాలై చేపలు పడినవట. గుంటపై మాటిమాటికి పేరుకొను మంచుతునుకలను తీయుటకు అంగడిలో అమ్ము సాధనము అచ్చముగా మన చిల్లుల గరిటెయే. వాడు దానిని కొనలేదు. వంటింటి గరిటెయే సరస్సునకు పోయినది. సంక్రాంతికి బూరెలు వేయబోయి వెదకిన మా కోడలు నాకు ఫోను చేసి, “మామయ్యగారూ, కర్ర, కండె ఎన్నుకొనుట నేర్పినారు బాగానే ఉన్నది, గరిటె ఒకటి వేరుగా కొనుక్కోమని కూడా వ్రాయండి” అన్నది.