నడిపించే విమానాశ్రయం

కొన్నేళ్ల క్రితం విదేశం నుండి తిరిగివస్తూ, ఒక విమానాశ్రయంలో ఆరు గంటలు ఇనుప కుర్చీలలోనే కూర్చుండిపోయాము. ఇల్లు చేరేసరికి నా శ్రీమతి ఎడమ పిక్క వాచింది. పరీక్షలో సిరలో రక్తపు గడ్డ కనబడింది. లేచి నడవమని చెప్పవలసిన వైద్యుణ్ణి, పక్కనే ఉండి మరిచాను.

నాలుగు గంటలు, అంతకు మించి సాగే ప్రయాణంలో ఈ ముప్పు సుమారు రెట్టింపవుతుంది. గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయమే.

మరొకసారి సింగపూర్‌ చాంగీలో ఆగినప్పుడు, మూడవ టెర్మినల్‌లోని సీతాకోకచిలుకల వనం నేను చెప్పకుండానే ఆమెను నడిపించింది. విమానాశ్రయపు హాయి అద్దాల మెరుపులో లేదు; లేచి నాలుగడుగులు వేయాలనిపించడంలో ఉంది.

అటువంటి వనం లేనిచోట కూడా మీరు గంటకొకసారి లేచి నడవండి. తగినంత నీరు త్రాగండి. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పెడితే ఆ రోజే వైద్యుని కలవండి. ఆయాసం కూడా ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.